తాతయ్య ఏడుసార్లు అడిగారు

నా చిన్నప్పుడు అని ఎవరైనా మొదలుపెడితే ఏ సంవత్సరమని అడిగే అలవాటు నాకుంది. కాబట్టి నా సంగతి ముందే చెప్పేస్తాను. 1956 జులై 17, మంగళవారం. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు. మా తమ్ముడికి ఇరవై తొమ్మిది రోజులు. రాయపూర్ రైల్వే కాలనీలో మాది రెండు గదుల క్వార్టరు. వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు. మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య గోడ ఆ ఏడు తొలకరి వానలకే పడిపోయింది. పడిన మేర పదకొండు అడుగులు. నాన్న మూడుసార్లు అర్జీ పెట్టారు. ఎవరో ఒకసారి వచ్చి టేపు పట్టి కొలుచుకుని వెళ్ళారు, అంతే.

గోడ పడిన రెండు వారాలకు అమ్మ ప్రసవించింది. కష్టమైన కాన్పు. తరవాత జ్వరం పట్టుకుంది. మా నాయనమ్మ అప్పటికే లేదు. నాన్నది రైళ్ళలో టికెట్లు చూసే ఉద్యోగం కావడంతో ఇంట్లో ఉండే రోజులు తక్కువ. ఇక మిగిలింది నేను, మా తాతయ్య. నాన్నకి నాన్న ఆయన, స్టేషను మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఇద్దరికీ వంట రాదు.

అప్పుడు గోడ సందులోంచి పక్కింటి పెద్దమ్మ వచ్చింది. గార్డుగారి భార్య. వాళ్ళదీ మా విజయనగరం వైపే. ఆరుగురిని కని నలుగురిని బతికించుకున్న మనిషి. ఆమె రాకపోతే ఆ మొదటి వారం మేం ఏం తిని ఉండేవాళ్ళమో తెలీదు. ఇది రాయకపోతే తరవాత రాసేదంతా అబద్ధమవుతుంది కనక ముందే రాస్తున్నాను. ఆమె మాకు మంచి చేయడానికే వచ్చింది.

కానీ వచ్చిన నాలుగో రోజుకి వంటింట్లో డబ్బాల వరస మారింది. ఆరో రోజుకి అమ్మ కొంగున ఉండే తాళంచెవి ఆమె నడుముకి చేరింది. అమ్మకి ఏ పథ్యం పెట్టాలి, పసివాడికి ఎప్పుడు స్నానం, ఎవరు చూడొచ్చు, తలుపు తీసి ఉంచాలా వేసి ఉంచాలా, అన్నీ ఆమే. అమ్మ ఏదైనా అనబోతే, "ఊరుకోయే, పచ్చి బాలింతరాలివి, నీకేటి తెలుస్తాది," అనేది. కసిరినట్టు ఉండేది కాదు. ముద్దుగానే అనేది. అమ్మ రెండుసార్లు అనబోయి మూడోసారి మానేసింది. తరవాత గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది.

నాకు ఏది కనిపించినా లెక్కపెట్టి రాసే జబ్బు అప్పటికే ఉంది. ఆ ఏడు నా లెక్కల పుస్తకం చివరి పేజీల్లో చీమల వరసల నుంచి గూడ్సు పెట్టెల దాకా అన్నీ ఉండేవి. జులై 4న, పొద్దున్న నుంచి దీపాలు పెట్టేదాకా, పెద్దమ్మ మా ఇంట్లోకి ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టాను. పద్నాలుగు. తాతయ్య అది తీసుకుని గీతలు తానూ లెక్కపెట్టారు. తరవాత, "ఇందులో మీ అమ్మనడిగి వచ్చింది ఎన్నిసార్లే?" అన్నారు. ఆ లెక్క నేను పెట్టలేదు. గుర్తు చేసుకుని సున్నా చుట్టాను.

మర్నాడు గురువారం. తాతయ్య విరిగిన కుర్చీలోంచి బెత్తం ఊడదీసి, నీళ్ళలో నానబెట్టి, వంచి, పెద్ద కడియం చేశారు. దానికి గోనెపీచుతో చిన్న సంచీ అల్లి కట్టారు. ఆ సంచీలో ఎండిన మారేడుకాయ వేశారు. పని చేస్తూనే తాను ఉద్యోగం చేసిన సంస్థానం కథ చెప్పారు.

ఆయన 1932 నుంచి పన్నెండేళ్ళు రాయపూర్ నుంచి విజయనగరం వెళ్ళే లైను మీద ఒక చిన్న స్టేషనులో మాస్టరు. చుట్టూ ఒక రాజుగారి సంస్థానం. రాజుగారికి ఏనుగులున్నాయి, జెండా ఉంది, కచేరీ ఉంది, సొంత పోలీసులున్నారు. కానీ పట్టాల పక్కన వేసిన కంచె దాటితే ఆయన మాట చెల్లదు. రైలు వేసినప్పుడే ఆ నేల మీది అధికారం తెల్లవాళ్ళు రాయించుకున్నారు. ఒకసారి రాజుగారి జవాన్లు ఎవరినో తరుముకుంటూ వచ్చి కంచె దగ్గర ఆగిపోయారట. వాడు ఇవతల ప్లాట్‌ఫారం మీద కూర్చుని తాపీగా బీడీ వెలిగించాడట. స్టేషనులో అందరూ నవ్వారు. తాతయ్యకి మాత్రం నవ్వు రాలేదట. అన్ని ఏనుగులున్న మనిషి తన ఊరి మధ్యలో నిలబడి లోపలికి రావచ్చా అని ఇంకొకరిని అడగవలసి రావడం ఆయనకి బాగా అనిపించలేదు.

"నాకు ఏనుగుల్లేవు," అన్నారు తాతయ్య. "రెండు లాంతర్లు, ఒక మేకా ఉండేవి. అయినా ఎంత పెద్ద బండైనా సరే, నేను రమ్మనకపోతే అవతలి స్టేషన్లో ఆగవలసిందే."

ఆ రోజుల్లో ఒంటి లైను మీద రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండే ఉండాలి. ఇలాంటి బెత్తం కడియానికి కట్టిన సంచీలో పెట్టి ఇచ్చే ఇనప గోళా డ్రైవరు చేతికి అందనిదే బండి కదలకూడదు. ఆ గోళా ఒక పెట్టెలో ఉంటుంది. అవతలి స్టేషను మాస్టరు తన పెట్టె దగ్గర నిలబడి మీట నొక్కి పట్టుకుంటే తప్ప ఇవతలి పెట్టెలోంచి అది ఊడి రాదు. లైన్ క్లియర్ ఇవ్వడమంటే అదే. తాతయ్య ఇదంతా వివరంగా చెప్పారు. నేను బెత్తం కడియం వైపు చూస్తూ గోళా సంగతి మాత్రం శ్రద్ధగా విన్నాను.

"మీ అమ్మకి ఇల్లుంది, వంటగదుంది, మొగుడి పేరు మీద క్వార్టరుంది," అన్నారు చివరికి. "మీటే లేదు."

తరవాత ఆయన చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. కడియాన్ని అమ్మ తలగడ పక్కన పెట్టించి, తాను బయటికి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డారు. మామగారు, ఇంటికి పెద్ద, నాన్న కూడా ఎదురు చెప్పని మనిషి. గొంతు సవరించుకుని, "అమ్మా, రాయపూర్ స్టేషనా? లైన్ కిలియర్ ఇత్తావా?" అన్నారు. అమ్మ ఆయన వైపు చూసింది. పదిహేడు రోజుల తరవాత మొదటిసారి నవ్వింది. నవ్వి, కడియం నా చేతికిచ్చి, "ఇచ్చిరా," అంది. ఆయన దాన్ని భుజానికి తగిలించుకుని లోపలికి వచ్చి, మనవణ్ణి చూసి, మళ్ళీ తలగడ పక్కన పెట్టి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి అదే నియమం. అమ్మ గదిలోకి ఎవరు రావాలన్నా గోడ సందు దగ్గరో గుమ్మం దగ్గరో ఆగి అడగాలి. నేను వెళ్ళి అమ్మకి చెప్పాలి. అమ్మ ఇస్తే ఆ కడియం, అంటే మా గోళా, తేవాలి. పెద్దమ్మ మొదటి రోజు నడుం మీద చేతులు వేసుకుంది.

"ఏటీ, నాకు టిక్కెట్టేటి? మీ నాన్నేమో రైల్లో అడుగుతాడు, మీ తాతేమో పెరట్లో అడుగుతాడు. ఇల్లా, స్టేషనా ఇది?"

"స్టేషనేనమ్మా," అన్నారు తాతయ్య నవ్వుతూ. "నేనూ అడిగే వెళ్తన్నాను. నా కన్నా పెద్ద బండివా నువ్వు?"

ఆమె నవ్వేసింది. లావుగా ఉండేది, ఆ మాట తనకే తగిలించుకుని ఇంకా నవ్వింది. అడగడం మొదలుపెట్టింది. జులై 5 నుంచి 16 దాకా పన్నెండు రోజుల్లో నలభై ఒక్కసార్లు అడిగింది. అమ్మ ఆరుసార్లు వద్దంది. మొదటిసారి వద్దని చెప్పి పంపాక అమ్మ లేచి కూర్చుంది. ఆ మధ్యాహ్నం నన్ను పిలిచి తలకి నూనె రాయమంది. నాలుగోసారి వద్దన్నాక తాళంచెవి అడిగి తీసుకుంది. నియమం అంటే ఎంత గొప్పదో అనుకున్నాను. గోళా మోసేది నేను కనక అందులో కొంత గొప్ప నాది కూడా అనుకున్నాను.

జులై 15న తమ్ముడికి పొట్ట ఉబ్బింది. పాలు కక్కాడు, ఏడుపు ఆపలేదు. పెద్దమ్మ వచ్చి చూసి, వాతలు పెట్టించాలంది. పసివాళ్ళ పొట్ట మీద ఇనప చువ్వ కాల్చి చురకలు పెట్టడం అక్కడి ఊళ్ళలోనూ ఉంది, మా వైపూ ఉంది. ఆ పని చేసే ఛత్తీస్‌గఢీ ముసలావిడ ఒకావిడ కాలనీ వెనక ఉండేది, అందరూ దాయి అనేవారు. అమ్మ వద్దంది. మర్నాడు పెద్దమ్మ మళ్ళీ అడిగింది. అమ్మ మళ్ళీ వద్దంది. ఆ ఆరింటిలో చివరి రెండూ ఇవే.

మంగళవారం పొద్దున్న పదింటికి తాతయ్య, "రైల్వే డాక్టర్ని పిలుచుకురానా అమ్మా?" అని అడిగారు. అమ్మ సరేనంది. ఆయన వెళ్ళారు. నాన్న డ్యూటీ మీద బిలాస్‌పూర్‌లో ఉన్నారు. రెండు రాత్రులు కన్ను మూయని అమ్మ, పిల్లవాడు కాస్త ఊరుకోగానే వాడి పక్కనే ఒరిగి నిద్రపోయింది. నేను గోడ సందు దగ్గర ఇటికల మీద కూర్చున్నాను.

పెద్దమ్మ వచ్చింది. వెనక దాయి.

"ఒలే గుంటా, మీ అమ్మనడుగు, లైన్ కిలియర్ అని."

"అమ్మ పడుకుంది పెద్దమ్మా."

"అమ్మ పడుకుంటే గోళా కూడా పడుకుందేటి? ఉందో లేదో సూసి రా."

వెళ్ళి చూశాను. గోళా తలగడ పక్కనే ఉంది. లైను ఖాళీగా ఉంది, అంటే లోపల ఇంకెవరూ లేరు. గోళా ఉంటే బండి రావచ్చు. తొమ్మిదేళ్ళ నా బుర్రలో అన్నీ సరిగ్గా కుదిరాయి. అమ్మ నిద్ర చెడగొట్టకూడదని మునివేళ్ళ మీద నడిచి, కాయ గలగలమనకుండా సంచీ పట్టుకుని, కడియం తెచ్చి పెద్దమ్మ చేతికిచ్చాను. ఆమె దాన్ని భుజానికి తగిలించుకుంది. "రూలు పెకారమే ఎల్తన్నాం కదేటి," అని నా తల నిమిరింది. దాయి నా భయం చూసి, "ఝన్ డర్రా నోనీ," భయపడకు పిల్లా, అంది.

వాళ్ళు తమ్ముణ్ణి ఎత్తుకుని తమ వసారాలోకి తీసుకెళ్ళారు. కుంపటి అప్పటికే రాజేసి ఉంది. నేను వెంట వెళ్ళాను. మూడు చురకలు. బొడ్డుకి కుడివైపు రెండు, ఎడమవైపు ఒకటి.

ఆ ఏడుపుకి అమ్మ లేచింది. పడిన గోడ ఇటికల మీంచి చెప్పుల్లేకుండా, జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొచ్చి పిల్లవాణ్ణి లాక్కుంది. పెద్దమ్మ ఏదో చెబుతూనే ఉంది, తగ్గిపోతాదనీ, తన మూడోవాడికి ఆలస్యం చేసి పోగొట్టుకున్నాననీ. అమ్మ వినలేదు. ఆమె భుజాన ఉన్న కడియం వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది.

"నన్ను లేపావా?" అంది.

లేదన్నాను. అమ్మ ఇంకేమీ అనలేదు. అప్పుడూ అనలేదు, ఆ తరవాత బతికినన్నాళ్ళూ ఆ మాట ఎత్తలేదు.

తాతయ్య డాక్టర్ని తీసుకొచ్చేసరికి పదకొండున్నర. డాక్టరు పొట్ట నొక్కి చూసి, చురకలు చూసి, పెద్దమ్మని ఒక్కసారి చూసి, పిల్లవాణ్ణి ఆసుపత్రికి తేవాలన్నాడు. వానాకాలం, పచ్చి గాయాలు, నెల నిండని బిడ్డ. ధనుర్వాతం రాకుండా ఒక సూది, పెన్సిలిన్ సూది, రెండూ ఇవాళే పడాలి. టాంగాలో వెళ్ళాం. అమ్మ దారి పొడుగునా పిల్లవాడి మీద కొంగు కప్పుకుని కూర్చుంది. ఆసుపత్రి వరండాలో చివరి బల్ల మీద కూర్చుని, ఇక లేవనంది. "ఇంకెవరూ నా బిడ్డని ముట్టుకోవద్దు," అంది. ముందు ఏడాది మా కాలనీలోనే ఒక పసిబిడ్డ సూది వేసిన మర్నాడు పోయింది. అది అందరికీ తెలుసు.

డాక్టరు గది వరండా ఆ చివర. అమ్మ బల్ల ఈ చివర. మధ్య నలభై రెండు అడుగులు, తాతయ్య అడుగులతో. ఆయన వెళ్ళి డాక్టరుతో మాట్లాడి, తిరిగి వచ్చి అమ్మ ముందు నేల మీద గొంతుక్కూర్చుని, డాక్టరు ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పి, "సూది వేయించమంటావా అమ్మా?" అని అడిగారు. వద్దంది. మళ్ళీ లేచారు. ఆయనకి అరవై ఏడేళ్ళు, మోకాళ్ళ నొప్పి. లేచినప్పుడల్లా బల్ల అంచు పట్టుకునేవారు.

రెండోసారి, ఆ సూదిలో ఏముంటుందని అమ్మ అడిగింది. ఆయనకి తెలీదు. వెళ్ళి కనుక్కుని వచ్చి చెప్పారు. అది మూడోసారి. నాలుగోసారి వచ్చేసరికి పిల్లవాడికి ఒళ్ళు కాలడం మొదలైంది. డాక్టరు గదిలోంచి బయటికి వచ్చి, సాయంత్రం దాటితే తన పూచీ లేదని గట్టిగానే చెప్పాడు. సరిగ్గా అప్పుడే నాన్న వచ్చారు. స్టేషనులో ఎవరో చెప్పారట, నల్ల కోటు విప్పకుండానే వచ్చేశారు. విషయం విని మండిపడ్డారు.

"ఏటి నాన్నా, దాన్నడిగేదేటి? నేను పట్టుకుంటాను. డాక్టరుగారూ, మీరు పొడిచెయ్యండి."

తాతయ్య లేవకుండానే తల ఎత్తారు. "పొద్దున్న పట్టుకున్నారు కదరా," అన్నారు. "వాళ్ళూ మంచికే పట్టుకున్నారు."

నాన్న వరండా స్తంభానికి ఆనుకుని నిలబడిపోయారు. నేను ఆయన కోటు పట్టుకుని నిలబడ్డాను. తమ్ముడు ఏడవడం కూడా మానేశాడు. మూలుగు మాత్రం వినిపించేది. తాతయ్య ఎందుకు ఆలస్యం చేస్తున్నారో నాకు అర్థం కాలేదు. ఇద్దరు మగవాళ్ళున్నారు, డాక్టరున్నాడు. అమ్మ చేతులు రెండే.

అయిదోసారి అమ్మ, "నేను పట్టుకోవచ్చా?" అని అడిగింది. డాక్టరు పట్టుకోవచ్చన్నాడు. ఆరోసారి ఆ మాట తెచ్చి చెబితే, "అయినా పోతే, మావయ్యా?" అంది. తాతయ్య, "నేను చెప్పలేనమ్మా," అన్నారు. అబద్ధం ఆడితే ఆ క్షణాన చాలా సులువుగా ఉండేది. లేచి మళ్ళీ నడిచారు. ఎందుకు నడిచారో తెలీదు, డాక్టర్ని అడగవలసింది ఇంకేమీ లేదు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. ఏడోసారి.

"నేనే పట్టుకుంటాను. నేను ఊఁ అన్నాకే పొడవాలి," అంది అమ్మ.

డాక్టరు సూది పట్టుకుని అమ్మ ముందు నిలబడ్డాడు. అమ్మ పిల్లవాడి తొడ తన చేత్తో పట్టుకుని, కళ్ళు తెరుచుకునే, ఊఁ అంది. రెండుసార్లు అంది, రెండు సూదులకి. అప్పుడు టైము నాలుగూ ఇరవై.

అమ్మా తమ్ముడూ పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. రెండు చురకలు చీము పట్టి మానాయి. తమ్ముడు బతికాడు. పెద్దమ్మ ఆ పదకొండు రోజులూ నాకూ తాతయ్యకీ వండి, గోడ సందు అవతలే నిలబడి గిన్నె అందించేది. అక్కడ గోళా లేదు, అడగమనేవాళ్ళూ లేరు. అయినా ఇటిక మీద కాలు పెట్టేది కాదు. ఆ అక్టోబరులో గోడ కట్టారు. అమ్మ ఆమెతో మాట్లాడింది మాత్రం మరుసటి వేసవిలో.

ఆ పదకొండు రోజుల్లోనే ఒక సాయంత్రం తాతయ్య నన్ను కూర్చోబెట్టుకున్నారు. తిట్టలేదు. "గోళా నువ్వు తీశావు సరే. మీట ఎవరు నొక్కేరే?" అని మాత్రం అడిగారు. నేను ఏడ్చాను. ఏడ్చాక నాకో అనుమానం వచ్చింది. ఏడోసారి కూడా అమ్మ వద్దంటే ఏం చేసేవాళ్ళని అడిగాను. ఆయన మోకాళ్ళు రాసుకుంటూ చెప్పారు.

"తెలీదే తల్లీ. ఆ వరండాలో అటూ ఇటూ నడిచినంతసేపూ అదే అనుకున్నాను."

నేను ఈ రాయపూర్‌లోనే ఒక ఆడపిల్లల కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పాను. 1972 నుంచి 2009 దాకా, ముప్ఫై ఏడేళ్ళు. రాజ్య సార్వభౌమత్వం అనే పాఠం ఏటా చెప్పవలసిందే. తన సరిహద్దు లోపల తన మాటే చివరి మాట కావడం, బయటివాళ్ళు అది ఒప్పుకోవడం, పెద్ద దేశమైనా చిన్న దేశమైనా ఆ విషయంలో ఒకటే కావడం. 2000 నవంబరులో మాకు కొత్త రాష్ట్రం వచ్చిన వారం, మొదటి బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, తో అబ్ ఛత్తీస్‌గఢ్ భీ సంప్రభు హో గయా క్యా?" అంటే ఛత్తీస్‌గఢ్‌కీ సార్వభౌమత్వం వచ్చేసిందా అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. రాజధాని ఉంది, అసెంబ్లీ ఉంది, సరిహద్దు ఉంది, అయినా బయటి దేశం ఏదీ మన రాష్ట్రాన్ని అడిగి రాదు, ఢిల్లీని అడిగి వస్తుందని చెప్పాను. ఏనుగులున్న ఆ రాజుగారి కథ కూడా చెప్పాను. ఆసుపత్రి వరండా సంగతి చెప్పలేదు.

ఈ సార్వభౌమత్వం అనే భావం ఎప్పుడు పుట్టిందంటే, పాఠ్యపుస్తకాలు 1648 అని రాస్తాయి. యూరపులో ఎవరి నేల మీద ఎవరి మతం చెల్లాలన్న తగవుతో మొదలై, ఇంకా ఎన్నో తగవులు కలిసి, ముప్ఫై ఏళ్ళు యుద్ధం సాగింది. ఒక ఊళ్ళో అందరూ కూర్చోవడానికి ఒప్పుకోక రెండు ఊళ్ళలో మాట్లాడుకున్నారు. ఎవరు ముందు గదిలోకి రావాలి, ఎవరిని ఏమని పిలవాలి అనే దానికే నెలలు పట్టాయి. 1648లో సంతకాలైన ఆ ఒడంబడికలు తెప్పించుకుని చదివాను. పుస్తకాలు చెప్పేంత శుభ్రంగా అందులో ఏమీ లేదు. ఒకరి ఇంట్లోకి ఒకరు జొరబడకూడదనే వాక్యం కోసం వెతికాను, దొరకలేదు. నాకు కనిపించింది అలసిపోయిన మనుషులు. గెలవడం చేతకాక, చావడం ఇష్టం లేక, సరే ఎవరి గుమ్మం వారిది అని మెల్లగా, సగం సగంగా, వందల ఏళ్ళపాటు ఒప్పుకుంటూ వచ్చినవాళ్ళు. ఆ అలసట నాకు తెలుసు.

ఇప్పుడు నాకు డెబ్బై ఎనిమిది. టాటీబంధ్ వైపు మా ఇల్లు. లారీల మోత మధ్య పొద్దున్నే పేపరు చదువుతాను. 2001 నుంచి నా డైరీలన్నీ తిరగేశాను. ఒక దేశం ఇంకో దేశంలోకి వెళ్ళిన వార్త రాసుకోని ఏడాది ఒక్కటీ దొరకలేదు. వెళ్ళినవాళ్ళ చేతిలో ఎప్పుడూ ఏదో ఒక కాగితం ఉంటుంది, నియమం ప్రకారమే వెళ్ళామంటారు. కొందరు నిజంగా మంచికే వెళ్ళి ఉంటారు. ఒక్కోచోట తలుపు వేసుకున్నవాడే లోపల తన బిడ్డల్ని చంపుకుంటూ ఉంటాడు. అప్పుడేం చేయాలని ముప్ఫై ఏడేళ్ళూ ఏదో ఒక పిల్ల అడుగుతూనే ఉంది. పుస్తకంలో ఉన్న జవాబు చెప్పేదాన్ని. చెప్పాక సుద్దముక్క కింద పెట్టి, నాకు తెలీదని కూడా చెప్పేదాన్ని. ప్రిన్సిపాల్‌కి ఒకసారి ఫిర్యాదు కూడా వెళ్ళింది, మేడమ్ పాఠం సగంలో వదిలేస్తారని.

తాతయ్య 1961లో పోయారు. ఆ వరండాలో పోను నలభై రెండు, రాను నలభై రెండు. ఏడుసార్లకి అయిదువందల ఎనభై ఎనిమిది అడుగులు. వీటి మీద ఆధారపడి పాఠం చెప్పడం కుదరదు, అమ్మ ఊఁ అంది కనక ఇది మంచి కథ అయింది, అనకపోతే ఏమయ్యేదో ఎవరికీ తెలీదు. చూడనిది, లెక్కపెట్టనిది నేనెప్పుడూ రాయలేదు. ఈ వయసులో ఒక్కటి మాత్రం రాస్తున్నాను. అమ్మ ఏడోసారి కూడా వద్దని ఉంటే, మా తాతయ్య బల్ల అంచు పట్టుకుని లేచి, ఎనిమిదోసారి నడిచేవారు.